శ్రీకాళహస్తి కలంకారీ: మా గోడ మీద ఏడాది గడిచిన కన్నప్ప తెర

శ్రీకాళహస్తిలో ఒక కళాకారిణి దగ్గర చెప్పి రాయించుకున్న కలంకారీ తెర మా హాల్లో గోడ మీదికి ఎక్కి ఈ సంక్రాంతికి ఏడాది నిండింది. పొడవు నాలుగున్నర అడుగులు, వెడల్పు మూడడుగులు, ఇతివృత్తం కన్నప్ప కథ, ధర 14,500 రూపాయలు. వచ్చిన వారంలోనే దాని గురించి రాయమని కొందరు మిత్రులు అడిగారు. కానీ వేళ్లతో, కాయలతో, పువ్వులతో తీసిన రంగుల గురించి వారం రోజుల్లో తేల్చి చెప్పగలిగింది ఏమీ ఉండదు. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం, ఒక ఉతుకు చూశాక ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నాను.

నేను కళావిమర్శకుణ్ణి కాను. ముప్పై ఏళ్లకు పైగా కాలువల మీద ఇంజనీరుగా పనిచేశాను, అందులో ఎక్కువ కాలం నాగార్జునసాగర్ కుడి కాలువ మీద. ఆ ఉద్యోగం నేర్పిన తీరులోనే ఏ వస్తువునైనా చూడడం నాకు అలవాటైపోయింది. పైన తూము కొంచెం ఎత్తితే ఆ నీరు చివరి ఆయకట్టుకు చేరడానికి రోజులు పడుతుంది. ఈలోగా నీళ్లు రాలేదని కింది రైతులు ఒత్తిడి తెస్తారు, కొత్తగా వచ్చిన ఇంజనీరు కంగారుపడి తూము ఇంకొంచెం ఎత్తిస్తాడు, చివరికి ముందు వదిలిన నీరూ తర్వాత వదిలిన నీరూ ఒకేసారి మీదపడి ఎక్కడో గట్టు తెగుతుంది. రైతు అడగడంలో తప్పు లేదు, ఇంజనీరుకు చెడ్డ ఉద్దేశమూ లేదు. మధ్యలో పట్టే కాలాన్ని ఎవరూ లెక్కలో వేసుకోలేదు, అంతే. విడివిడి భాగాలను కాకుండా వాటి మధ్య ఉన్న సంబంధాలనూ, ఒక చోట చేసిన పని ఇంకో చోట ఎప్పుడు ఎలా తేలుతుందన్న దాన్నీ చూడడాన్ని ఇప్పుడు వ్యవస్థాత్మక ఆలోచన అంటున్నారు. తూములు ఎత్తి దించే మా లస్కర్లు ఆ మాట ఎన్నడూ వినకుండానే ఆ పని చేసేవారు. ఈ తెర తయారవుతున్నప్పుడు రెండుసార్లు వెళ్లి దగ్గర కూర్చుని చూశాను. నేను కాలువ మీద నేర్చుకున్నదంతా ఒక గుడ్డ మీద మళ్లీ చూసినట్టనిపించింది.

అంతకుముందు ఒకసారి దెబ్బ తిన్నాను. ఒక పెద్ద నగరంలో, మంచి పేరున్న దుకాణంలో, చేత్తో రాసినదని చెప్పి అమ్మిన ఒక దశావతారాల తెర కొన్నాను. మొదటి ఉతుకులోనే ఎరుపు కారి, మత్స్యావతారం పక్కనున్న తెల్లటి జాగా అంతా గులాబీ రంగుకు తిరిగింది. అది స్క్రీన్ ప్రింటింగులో రసాయన రంగులతో అచ్చుకొట్టిన గుడ్డ. వెనక్కి తిప్పి చూసి ఉంటే తెలిసేది: గీతలు వెనకవైపుకు దిగనే లేదు, అంచులో ఉన్న ఇరవై నాలుగు పువ్వుల్లో ఒక్కదానికీ ఇంకోదానికీ వెంట్రుకవాసి తేడా లేదు. చేత్తో రాసిన పనిలో రెండు పువ్వులు ఒక్కలా ఉండవు. నల్లగీత ఒక్కో చోట లావై, ఒక్కో చోట సన్నబడి, కలం మళ్లీ రంగులో ముంచిన చోటు కూడా పట్టి చూస్తే తెలుస్తుంది. కొనేవాళ్లు మొదట చూడవలసింది ఇదే.

కలంకారీ అన్నది పారసీకం నుంచి వచ్చిన మాట. శ్రీకాళహస్తిలో దీన్ని వ్రాతపని అంటారు. ఆ మాటే ఈ పనికి ఎక్కువ అతుకుతుంది. బందరు, పెడన వైపు చెక్క అచ్చులతో అద్దుతారు, అది వేరే అందం. గోల్కొండ సుల్తానుల ఏలుబడిలోనూ, ఆ తర్వాత విదేశీ వర్తకంలోనూ ఆ పని లతలు, పువ్వులు, జీవవృక్షాల వైపు సాగింది. కాళహస్తి పని గుడి చుట్టూ పెరిగింది. దేవుడి వెనక కట్టే తెరలు, రథానికి చుట్టే గుడ్డలు, రామాయణ భారత కథలను వరసలు వరసలుగా రాసి కింద తెలుగులో వివరం రాసిన పెద్ద పటాలు ఇక్కడివి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో తెలుగు అక్షరాలతో సహా భద్రంగా ఉన్న 19వ శతాబ్దపు రామాయణ తెర ఇలాంటిదే. స్వాతంత్ర్యం వచ్చేనాటికి పని దాదాపు ఆగిపోయే స్థితికి వస్తే, హస్తకళల పునరుద్ధరణకు పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ వంటివారి పట్టుదలతో 1957లో ఇక్కడ శిక్షణ కేంద్రం వెలిసింది. 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్పశెట్టి ఈ ఊరి వ్రాతపని కళాకారులే. నాకు తెర రాసిచ్చిన ఆవిడా ఆ కేంద్రంలో పని నేర్చుకున్న ఒకరి దగ్గర నేర్చుకున్నారు.

ఇప్పుడు పని గురించి. పదిహేడు దశలని అక్కడ చెబుతారు. అన్నీ చెప్పను, నన్ను కట్టిపడేసిన రెండు మాత్రం చెబుతాను.

మొదటిది నలుపు. ముతక నూలు గుడ్డను ముందుగా కరక్కాయ కలిపిన గేదెపాలలో ముంచి, పిండి, ఎండలో ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదు, కరక్కాయలోని వగరు గుడ్డలో నిలిచి ఉంటుంది. ఇంకోపక్క కుండలో తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కలిపి రెండు మూడు వారాలు పులియబెడతారు. దాన్ని కసిమి అంటారు. ఆవిడ వెదురుపుల్ల కలాన్ని అందులో ముంచారు. కొనకు కాస్త పైన ఉన్ని చుట్టి దారం కట్టి ఉంది, బొటనవేలూ చూపుడువేలూ ఆ ఉన్నిని ఎంత నొక్కితే అంత రంగు కొనకు దిగుతుంది. కుండలో ఆ ద్రవం పల్చటి కాఫీ డికాషన్‌లా ఉంది, పుల్లటి వాసన వేస్తోంది. గుడ్డకు తగిలిన చోట మాత్రం మేము చూస్తుండగానే నల్లబడింది. ఇనుము, వగరు కలిసిన చోటే ఆ నలుపు పుడుతుంది. కుండలో నలుపు లేదు, గుడ్డలోనూ లేదు, ఆ రెండూ కలిసిన గీతలో ఉంది.

రెండోది ఎరుపు. ఎరుపు రావలసిన జాగాల్లో ఎరుపు రాయరు, పటిక నీళ్లు రాస్తారు. ఆరాక అది కంటికి దాదాపు కనబడదు. తర్వాత చవలికొడి వేరు, సురుడు చెక్క, మంజిష్ఠ వంటివి వేసి గుడ్డ మొత్తాన్ని నీళ్లలో మరిగిస్తే, పటిక తగిలిన చోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. మిగిలిన చోట అంటిన లేత రంగు, పేడనీళ్లలో నానబెట్టి ఇసుకలో పరిచి నీళ్లు చిలకరిస్తూ ఎండలో ఉంచితే, నెమ్మదిగా వెలిసిపోతుంది. అంటే కళాకారిణి కన్నప్ప పంచెకు రంగు వేస్తున్న పూట ఆవిడ కళ్లకు రంగు లేదు. పది రోజుల తర్వాత రాబోయే ఎరుపును మనసులో చూస్తూ, కనిపించని నీటితో, అంచు దాటకుండా రాసుకుపోతున్నారు. తూము ఎత్తి, నాలుగు రోజుల తర్వాత నలభై మైళ్ల దిగువన పారబోయే నీటిని మనసులో చూసుకునే లస్కరు నాకు గుర్తొచ్చాడు. నమ్మకం అన్న మాటకు గుడి బయట నాకు తెలిసిన అర్థం ఇదే: తన చేతిలో ఉన్న పని తనకు కనిపించని చోట ఫలిస్తుందని తెలిసి, ఇక్కడ తప్పు చేయకపోవడం.

ఆ నమ్మకం ఎన్ని చేతుల మీద ఆధారపడి ఉందో చూడండి. గేదె ఉన్న ఇల్లు కావాలి, నీళ్లు కలపని పాలు కావాలి. అడవి నుంచి కరక్కాయ, వేళ్లు, చెక్కలు తెచ్చేవాళ్లు కావాలి. బొగ్గుతో మొదటి గీత గీయడానికి చింతపుల్లలు కాల్చి పెట్టేవాళ్లు కావాలి. అన్నిటికన్నా మించి పారే నీళ్లు కావాలి. ఉడికిన గుడ్డ నుంచి ఊడే మిగులు రంగు నీటితో పాటు కొట్టుకుపోవాలి, తొట్టిలో నిలిచిన నీటిలో ఉతికితే అదే రంగు తిరిగి తెల్లటి జాగాకు అంటుకుంటుంది. స్వర్ణముఖి పాకాల వైపు కొండల్లో పుట్టి, చంద్రగిరి, తిరుపతి మీదుగా శ్రీకాళహస్తికి వచ్చి సముద్రంలో కలిసే చిన్న ఏరు. ఏడాదిలో ఎక్కువ నెలలు అందులో ఇసుకే కనిపిస్తుంది. ఆ పరీవాహకంలో ఊళ్లు పెరిగాయి, దాహాలు పెరిగాయి, పైన కల్యాణి ఆనకట్ట తిరుపతి దాహం తీరుస్తోంది. ఏ ఒక్కటీ అక్కర్లేనిది కాదు, ఏ ఒక్కరినీ నిందించలేము. కానీ దిగువన ఒక ఎరుపు అంచు కాస్త మసకబారడానికి ఇవన్నీ కారణాలే. ఆవిడ ఇప్పుడు బోరు నీటితో సిమెంటు తొట్లలో మూడు నాలుగుసార్లు నీరు మార్చి ఉతుకుతున్నారు. "యేట్లో నీళ్లుంటే ఒక పూట పని సార్. ఇప్పుడు రెండు దినాలు పడుతుంది. బోరు నీళ్లలో ఇనుముంటే ఎరుపు చచ్చిపోతుంది, అందుకే ముందు ఒక ముక్క తడిపి చూసుకుంటా" అన్నారు.

ఇక ఆలస్యం సంగతి, ఎందుకంటే కొనేవాళ్లకు ఎక్కువ చిరాకు కలిగించేది అదే. సెప్టెంబరులో చెప్పాను, దీపావళికి ఇస్తామన్నారు, సంక్రాంతికి అందింది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆ ప్రాంతంలో ఈశాన్య రుతుపవనాల వానలు, ఎండ కరువు. నవంబరులో ఫోన్ చేసి, ఇంకొక మనిషిని పెట్టుకుంటే త్వరగా అవుతుందేమో, కావాలంటే ఆ కూలి నేనిస్తానని అన్నాను. ఆవిడ నొచ్చుకోలేదు. "మనుషుల్ని పెంచొచ్చు సార్, ఎండని పెంచలేం గదా" అన్నారు. ముప్పై ఏళ్లు నేను ఇతరులకు చెప్పిన పాఠాన్ని నాకు ఒక్క వాక్యంలో గుర్తు చేశారు. ఒక పని ఎక్కడ ఇరుకుగా ఉందో అక్కడ తప్ప ఇంకెక్కడ బలం పెట్టినా అది వృథా. ఆ ఇరుకు ఆవిడ చేతుల్లో లేదు, ఆకాశంలో ఉంది. కాబట్టి ఆలస్యాన్ని నేను ఈ సేవలో లోపంగా లెక్కపెట్టడం లేదు. దీపావళికి ఇస్తామని మాట ఇవ్వకుండా ఉండవలసిందని మాత్రం అంటాను.

తెర విప్పినప్పుడు ముందు కనిపించేది నడుమ ఉన్న పెద్ద గడి. లింగం, దాని ముందు మోకరిల్లిన తిన్నడు (కన్నప్ప అసలు పేరు అదే), కుడిచేతిలో బాణం. ఒక కన్ను అప్పటికే ఇచ్చేశాడు. రెండో కన్ను పెకలిస్తే జాడ తెలియదని స్వామి కంటి మీద కాలిబొటనవేలు ఆనించి గుర్తు పెట్టుకున్నాడు. పక్కన చాటుగా నిలబడి చూస్తున్న పూజారి. చుట్టూ చిన్న గడుల్లో వేట, మాంసం కాల్చడం, నోటితో నీళ్లు తేవడం. అడుగున ఊరికి పేరు తెచ్చిన మూడు జీవాలు: సాలీడు, పాము, ఏనుగు. ఆకుపచ్చ, పసుపు, నీలం ఎక్కడా గొంతెత్తి అరవవు. నీలం మాత్రం స్వామి మెడ దగ్గర ఒక్కచోటే చిక్కగా ఉంది.

ఈ తెరలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టేది కన్నప్ప కన్ను. నల్లగీత మొదటే రాయాలి కాబట్టి, బొమ్మలో అందరి కళ్లూ మిగతా రంగులన్నిటి కంటే ముందే గుడ్డ మీదికి వస్తాయి. ఆ కన్ను తర్వాత మరుగుతున్న కాగులో మునిగింది, పేడనీళ్లలో నానింది, ఇసుకలో ఎండింది, ఎన్నోసార్లు ఉతుకు తిన్నది, అయినా గీత చెదరలేదు. కింది రెప్ప కొసన గీత కాస్త ఆగి వంపు తిరిగింది. అక్కడ ఆవిడ ఊపిరి బిగబట్టి ఉంటారని నాకు అనిపిస్తుంది. ఆ ఒక్క వంపులోనే ఆ మనిషికి నొప్పి తెలుస్తోందని, అయినా ఆగడని తెలుస్తుంది. అచ్చు గుడ్డ మీద ఇది రాదు.

నా విశ్వాసం గురించి ఇక్కడ నాలుగు మాటలు చెప్పాలి. నేను గుడికి వెళ్తాను, గట్టిగా ఏదీ అడగను. కానీ కాళహస్తి స్థలపురాణం నాకు ఎప్పుడూ కాలువ గట్ల మీదే గుర్తొచ్చేది. పాము లింగానికి మణులు పెట్టి వెళ్లేది. ఏనుగు వచ్చి, అవేవో రాళ్లనుకుని తోసేసి, నీళ్లతో కడిగి, బిల్వపత్రాలు పెట్టేది. పాము వచ్చి ఆ ఆకులు చూసి, ఎవరో అపచారం చేశారని కుమిలిపోయేది. రెండూ భక్తితోనే చేశాయి, రెండూ ఒకదాన్నొకటి చూడలేదు. చివరికి పాము తొండంలో దూరింది, రెండూ ప్రాణాలు విడిచాయి. ఎగువ రైతు తన మడి తడుపుకుంటాడు, దిగువ రైతు తనకు అన్యాయం జరిగిందనుకుంటాడు. ఇద్దరిదీ న్యాయమే, మధ్యలో ఒకరి పని ఒకరికి కనబడదు. అదే స్థలపురాణంలో పూజారి రోజూ వచ్చి తిన్నడు పెట్టిన మాంసపు ముక్కలు చూసి క్షోభించి శుద్ధి చేసేవాడు. అతణ్ణి చాటున నిలబడి చూడమని స్వామి చెప్పిన తర్వాతే, ఆ అపచారం వెనక ఉన్న మనిషి అతనికి తెలిశాడు. ఈ కథల్లో శిక్ష కంటే చూపు ముఖ్యమని నాకు అనిపిస్తుంది. ఈనాటికీ మహాశివరాత్రి బ్రహ్మోత్సవాలు కన్నప్ప కొండ మీద ధ్వజారోహణంతోనే మొదలవుతాయి. శాస్త్రం తెలిసిన ఊరు, శాస్త్రం తెలియని బోయవాణ్ణి ముందు నిలబెట్టుకుంది.

తెర వచ్చిన రోజు మా అమ్మ చూసి, "ఇది సోఫా వెనక కాదురా, కాళ్లు చాపని చోట పెట్టు" అంది. దేవుడి గదిలో పట్టదు. ఆఖరుకు హాల్లో తూర్పు గోడకు, నేల నుంచి నాలుగడుగుల ఎత్తున కట్టాము. అమ్మ మాట నాకు చాదస్తంగా అనిపించలేదు. రాసేటప్పుడు కళాకారిణి దీపం పెట్టి మొదలుపెట్టిన గుడ్డ అది. పని మొదట్లో ఉన్న మర్యాదే చివరన మా ఇంటి గోడ మీదికీ వచ్చింది. పటిక నీళ్లు పలచన చేస్తే, ఒక ఉతుకు తగ్గిస్తే, కొనేవాడికి ఏడాది దాకా తెలియదు. కనిపెట్టే అధికారి లేని చోట చేతిని నిలబెట్టింది ఆ దీపమే అనుకుంటాను.

ఇప్పుడు లోపాలు. అన్నిటికన్నా పెద్దది అక్షరాలలో ఉంది. వేట గడి కింద "తిన్నడు" అని ఉండవలసిన చోట నకార వత్తు లేక "తినడు" అని పడింది. స్వామికి పెట్టే ముందు ప్రతి ముక్కా రుచి చూసినవాడి కథలో ఆ ఒక్క వత్తు లేకపోవడం అర్థాన్నే తిప్పేసింది. ఫోన్ చేసి చెబితే ఆవిడ చాలా బాధపడ్డారు, పంపించమన్నారు, డబ్బు తీసుకోకుండా వత్తు చేర్చి పంపారు. కానీ ఆ వత్తు మిగతా నలుపు కంటే పలచగా ఉంది, ఎందుకంటే అప్పటికి గుడ్డలో కరక్కాయ పట్టు చాలావరకు ఉతుకుల్లో పోయింది. దీనికి నేను ఆవిడ ఒక్కరినే తప్పుపట్టలేను. ఇప్పుడు వచ్చే గిరాకీలో ఎక్కువ భాగం చీరలు, దుపట్టాలు, కుర్తా గుడ్డలు. వాటి మీద నెమళ్లు, లతలు అడుగుతారు, కథ అడగరు, అక్షరం అసలే అడగరు. గుడి తెరలు అడిగే రోజుల్లో కథ తెలిసినవాళ్లు ఆ తెర ముందు నిలబడి చదివేవారు, తప్పుంటే అక్కడే చెప్పేవారు. చదివేవాళ్లు తగ్గితే రాసే చేతికి ఆ అలవాటు తప్పుతుంది, చేయి తప్పితే కొనేవాళ్లు అక్షరాలు లేనివే మేలనుకుంటారు. ఇది తనను తాను పెంచుకునే నష్టం.

రెండో లోపం ఆకుపచ్చ. పసుపు మీద నీలిమందు వేసి ఆకుపచ్చ తెస్తారు. ఏడాదిలో పడమటి కిటికీ వెలుగు ఏటవాలుగా పడే మూలన రెండు ఆకులు కాస్త నీలానికి తిరిగాయి. పసుపు ఎండకు ముందు పోతుంది, నీలం మిగులుతుంది. పాత గుడ్డల మీద నీలి ఆకులు కనిపించడానికి కారణం ఇదే. కిటికీకి మందపాటి తెర కట్టాక మళ్లీ మారలేదు. ఎరుపు, నలుపు మాత్రం వచ్చిన రోజు ఎలా ఉన్నాయో అలానే ఉన్నాయి. కుంకుడురసంతో చల్లటి నీళ్లలో ఒకసారి ముంచి నీడలో ఆరవేశాము, చుక్క రంగు కారలేదు. మొదటి నెల గుడ్డకు పాల వాసన ఉండేది, అది తనంతట తానే పోయింది.

మూడోది చిన్నది. తెరను చుట్టి గొట్టంలో పంపకుండా మడిచి, పాత పత్రికలో చుట్టి పంపారు. నడిమి మడత గీత లింగం మీదుగా పోయింది, అది పోవడానికి నాలుగు నెలలు పట్టింది. పైన కడ్డీ దూర్చడానికి మడత కుట్టించుకునే పనీ మాకే పడింది.

ఇన్ని చెప్పినా, ఐదుకు నాలుగున్నర ఇస్తాను. ఈ ధర ఎక్కువని ఒక మిత్రుడు అన్నాడు. నాలుగు నెలల్లో ఆవిడ చేతులు దాని మీద నిజంగా పెట్టిన రోజులు ఇరవైకి తక్కువ ఉండవని ఆవిడ చెప్పినదాన్ని బట్టి లెక్కవేశాను. పాలు, కట్టెలు, రంగులు, ఇంటివాళ్ల సాయం తీసేస్తే రోజుకు మిగిలేది మా ఊళ్లో తాపీమేస్త్రీ కూలి కంటే తక్కువ. బేరం చేయనందుకు సంతోషంగా ఉంది.

రాయించుకోదలచినవాళ్లు జనవరి చివర్లో చెప్పడం మంచిది. ఎండలు ముందుంటాయి, ఏప్రిల్‌కు తెర చేతికి వస్తుంది. మడవకుండా చుట్టి పంపమని, పైనా కిందా కడ్డీ మడత కుట్టమని చెప్పే రోజే చెప్పండి. మేము మొన్న వెళ్లి రెండో తెరకు చెప్పి వచ్చాము, ఈసారి సాలీడు, పాము, ఏనుగుల కథ ఒక్కటే. ప్రతి గడి కిందా రాయవలసిన వాక్యాలను నేనే పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి, ఒక్కొక్క వత్తూ ఆవిడతో కలిసి చదివి చూసుకుని, ఆ కాగితం ఆవిడ చేతికి ఇచ్చి వచ్చాను.